నల్ల నువ్వుల సకినాలు

ఆ రోజు నేను చనిపోయిన మనిషి చేత మాట్లాడించాను. తప్పు అంతటితో ఆగి ఉంటే పొరపాటని సర్దిచెప్పుకునేవాణ్నేమో. ఆ సంగతి తెలిశాక నేను నవ్వాను కూడా.

ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లులో పని మీద ఉన్నాను. పత్తి నుంచి గింజను వేరు చేసే మిల్లు అది. లోపల దూదిపోగులు గాలిలో తేలుతూ జుట్టు మీదా కనురెప్పల మీదా వాలుతున్నాయి. ఫోను మోగితే బయటికి వచ్చి, లోపలికి పోవడానికి వరుస కట్టిన పత్తి బండ్ల మధ్య నిలబడి మాట్లాడాను. చేసింది కరీంనగర్ దగ్గరి ఒక రైస్ మిల్లు యజమాని. వయసులో చిన్నవాడు. తండ్రి పోయాక మిల్లు తనే చూసుకుంటున్నాడు. నన్ను అన్నా అంటాడు. అతని మిల్లు మీద నేను ఏటేటా రాసే నివేదికను ఆ పొద్దున్నే అతనికీ, అతని దగ్గర బియ్యం కొనే దుబాయి కంపెనీకీ కలిపి పంపించి ఉన్నాను.

“అన్నా, రిపోర్టు మంచిగున్నది గని, సకినాల అవ్వ ఎండకాలంలనే పాయె గదనే. నువ్వేమో మొన్నటి మీటింగుల గామెతోని మాట్లాడిపిచ్చినవ్” అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. మిల్లు చుట్టుపక్కల ఉండేవాళ్లతో ఏటా ఒక సమావేశం పెట్టి, వాళ్లేమన్నారో నివేదికలో రాయాలి. ఈ ఏడు నేను ఆ సమావేశమే పెట్టలేదు. నిరుటి పేజీని ఎత్తి ఇందులో పెట్టి తేదీ మార్చాను. ‘మిల్లు పక్కన నివసించే వృద్ధ మహిళ మిల్లు పనితీరు పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు’ అన్న వాక్యం అలాగే ఉండిపోయింది. పక్కన ఆమె ఫొటో కూడా.

“పోనీ తియ్. దుబాయిల కూసున్నోల్లకు గామె ఉన్నదో పోయిందో ఏమెరుక? సచ్చినంక గూడ మన మిల్లు మంచిదే అంటున్నది అవ్వ” అని అతను నవ్వాడు.

నేనూ నవ్వాను. సరే తియ్, వచ్చే ఏడు మారుద్దాం అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని లోపలికి వచ్చి, ఆ మిల్లు కరెంటు బిల్లులు మళ్లీ ముందేసుకున్నాను. అంకెలు కనిపిస్తున్నాయి గానీ లోపలికి దిగడం లేదు. ఆమె గొంతు వినిపిస్తున్నది. నన్ను ఆమె పిలిచినట్టు ఇంకెవరూ పిలవలేదు. గాలి సారు అనేది.

ఆ పేరు పెట్టింది మొదటి రోజే. మా పని ఏమిటో తెలియనివాళ్లకు చెప్పడం ఎప్పుడూ కష్టమే. ఒక కంపెనీ ఏడాది పొడుగునా ఎంత కర్బనాన్ని గాలిలోకి వదిలిందో లెక్క కట్టాలి. కరెంటు ఎంత కాల్చింది, డీజిలు ఎంత తాగింది, సరుకు ఎంత దూరం లారీల మీద పోయింది, అన్నీ చూడాలి. నీళ్లు, కూలీలు, ఇరుగుపొరుగు, వీటి సంగతి కూడా రాయాలి. బయటి దేశాల కొనుగోలుదారులు ఇప్పుడు బియ్యంతో పాటు ఈ కాగితాలు కూడా అడుగుతున్నారు. నేను మొదటిసారి ఆ మిల్లుకు వెళ్లి, ప్రహరీ వెంట నడుస్తూ ఫొటోలు తీసుకుంటుంటే గోడ అవతలి వాకిట్లోంచి పిలుపు వచ్చింది.

“ఓ సారు, గట్ల గోడల ఫొటోలు దీసుడేంది? ఇటు రా జర.”

వెళ్లాను. వాకిలి నిండా తెల్లటి పంచెలు పరిచి ఉన్నాయి. వాటి మీద వరుసగా పచ్చి సకినాలు. ఆమె పీట మీద కూర్చుని బియ్యప్పిండి ముద్దను చేతిలో పెట్టుకుని చుడుతున్నది. బక్కపలుచని మనిషి, ముక్కుకు పెద్ద ముక్కుపుడక. బొటనవేలూ రెండు వేళ్లూ కలిపి పిండిని మెలి తిప్పుతూ చెయ్యి గుండ్రంగా తిరుగుతుంటే చుట్టులో చుట్టు పడుతున్నది. కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. బట్ట వైపు చూడకుండానే, మొదలుపెట్టిన చోటికి కొస తెచ్చి అతికించేది. పక్కన పిండితోనే చేసిన చిన్న గౌరమ్మ, పసుపూ కుంకుమా పెట్టుకుని కూర్చుంది. గౌరమ్మను పెట్టకుండా ఆమె ఏ రోజూ పిండి ముట్టలేదట.

ఏం చూస్తావని అడిగింది. మిల్లు వదిలే పొగ ఎంతో లెక్క కడతానని చెప్పాను. పొగను తూకం వేస్తావా అని అడిగింది. తూకం కాదు, కరెంటును బట్టీ డీజిలును బట్టీ లెక్క వేస్తామన్నాను. బాయిలరులో కాలుస్తున్నది ఊక కదా, దాని లెక్కో అన్నది. ఊకకు లెక్క లేదు, వరి పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్నదే కాలినప్పుడు తిరిగి పోతుంది కాబట్టి దాన్ని సున్నా కింద రాస్తామని చెప్పాను. మా పుస్తకాల ప్రకారం అది నిజమే. అబద్ధమేమీ చెప్పలేదు.

ఆమె చెయ్యి ఆగింది. “అంటె ఊక కాలిస్తె పొగ రాదా?”

“వస్తది అవ్వా. లెక్కల రాదు.”

ఆమె నవ్వింది. చేతిలోని పిండి పళ్లెంలో పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇంట్లోంచి కోడలు ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. “ఇనవే, పొగ వస్తదట గని లెక్కల రాదట” అని ఆమెకు చెప్పి మళ్లీ మొదలుపెట్టింది. నేను కూడా నవ్వి, నా మాట అంత బాగా అర్థం చేసుకున్నందుకు ముచ్చటపడి వచ్చేశాను. పైగా ఆ సంగతిని స్నేహితులకు హాస్యంగా చెప్పుకునేవాణ్ని.

అప్పటి నుంచి ఆ వాడకట్టులో అదొక మాట అయి కూర్చుంది. కోడలు చేతిలోంచి గిన్నె జారిపడితే “గది లెక్కల రాదు తియ్” అనేది. పక్కింటామె వాయినానికి పిలవడం మరిచిపోతే, నేను లెక్కల రాలేగావచ్చు అని వీధంతా వినేలా దెప్పేది. నేను ఎప్పుడు మిల్లుకు వెళ్లినా గోడ మీదుగా పిలిచి, “ఏం గాలి సారు, ఇయ్యాల గాలి బరువెంతున్నది?” అని అడిగి, విరిగిన సకినం ముక్కలు చేతిలో పెట్టేది. గుండ్రంగా ఉన్నది ఒక్కటి కూడా ఎవరికీ పెట్టేది కాదు. ముక్కలు మనకు, గుండ్రటివి గల్ఫుకు అనేది. కొడుకు మస్కట్‌లో డ్రైవరు. మొదట్లో వాడికోసం కట్టి పంపిన సకినాలు వాడి గదిలోని వాళ్లందరికీ నచ్చి, వాళ్ల వాళ్ల ఇళ్ల నుంచి ఈమెకు ఆర్డర్లు రావడం మొదలైంది. దుబాయికో ఖతర్‌కో ఎవరు బయల్దేరినా, వాళ్ల పెట్టెలో ఆమె సకినాల డబ్బా ఒకటి ఉండేది. మిల్లులోంచి బియ్యం, గోడ ఇవతలి నుంచి సకినాలు, రెండూ అటే పోయేవి.

ఆమె మంచితనం మూర్తీభవించిన మనిషి అని చెప్పను. కోడలిని ఊరికే ఉండనిచ్చేది కాదు. ఆ అమ్మాయిది మా ఖానాపూర్ వైపు. ఆమె చుట్టిన సకినాన్ని ఈమె వేలితో చెరిపేసి మళ్లీ ముద్ద చేసి, “నీ దిక్కు పిల్లనే సారు, చెయ్యి తిరుగది” అని నాకు చెప్పేది. కోడలు తలవంచుకుని మళ్లీ చుట్టేది. నేనూ ఆ వైపు వాణ్నే కాబట్టి ఆ అమ్మాయి పక్షాన ఒక మాట అనాలని అనిపించేది. అనేవాణ్ని కాదు. నేను తినే ముక్కలు పెట్టేది అత్త కదా.

ఇక మిల్లు సంగతి. బాయిలరు పొగ పైకి పోయేముందు అందులోని బూడిదను పట్టి నీళ్లలో కలిపే యంత్రం ఒకటి అక్కడ ఉండేది. దానికో పెద్ద ఫ్యానూ, నీళ్ల మోటారూ. రెండూ కరెంటు బాగా తింటాయి. కరెంటు మా లెక్కలో ఉంది. ఊక సున్నా. బూడిద మా లెక్కలో లేనే లేదు, అది ఇంకెవరో చూసుకోవలసిన విషయం. కంపెనీ ఉద్గారాలు తగ్గించే మార్గాలు రాయమంటే, నేను బల్ల ముందు కూర్చుని, కరెంటు ఎక్కడెక్కడ పోతున్నదో చూసి, ఆ యంత్రాన్ని బాయిలరు పూర్తి బలంతో నడిచేటప్పుడు మాత్రమే వాడితే చాలునని రాశాను. యజమాని దాన్ని తనకు కావలసినట్టు చదువుకుని యంత్రాన్ని పూర్తిగా ఆపేశాడు. ఆపేశాడని నాకు తెలుసు. మరుసటి ఏడు అంకె తగ్గింది. దుబాయి కంపెనీ మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. యజమాని మా ఇంటికి మిఠాయి పెట్టె పంపించాడు.

ఆ ఏడు నేను వెళ్లినప్పుడు గోడ మీదుగా పిలుపు వచ్చింది గానీ అందులో వేళాకోళం లేదు. వాకిట్లో పంచెలు ఎప్పట్లాగే పరిచి ఉన్నాయి. వాటి మీద ఊక బూడిద, సన్నటి నల్లటి పొరలుగా, చడీచప్పుడూ లేకుండా వచ్చి పడుతున్నది. పచ్చి పిండి మీద పడితే అతుక్కుపోతుంది. ఊదితే పోదు, తుడిస్తే సకినం చెదిరిపోతుంది. ఆమె వేలి కొసను తడి చేసుకుని ఒక్కొక్క రేకునూ అద్ది తీసి, కొంగుకు తుడుస్తున్నది. కుడివైపు కొంగు కొస నల్లగా, బిరుసుగా అయిపోయింది. ఆ తర్వాత ఆమెను ఎప్పుడు చూసినా ఆ పనిలోనే చూశాను. ఒక చెయ్యి చుట్టేది, ఒక చెయ్యి అద్దేది.

“గీ బూడిద ఎవ్వలది సారు? నా పొయ్యిలకెల్లి వచ్చిందా?” అని అడిగింది. “నువ్వు అన్ని రాస్తవు గద. గిది రాయి.”

ఆమె నన్ను కోరింది అదొక్కటే. మిల్లు మూయించమనలేదు. తనకేదైనా ఇప్పించమనలేదు. ఇరుగుపొరుగు ఏమంటున్నారో రాసే పేజీ ఒకటి ఉందని నేనే ఒకసారి ఆమెకు చెప్పాను. అందులో ఈ మాట రాస్తే కొనేవాళ్లు అడుగుతారు, వాళ్లు అడిగితే మిల్లువాడు మళ్లీ యంత్రం నడుపుతాడు, యంత్రం నడిస్తే తన సకినాలు తెల్లగా ఉంటాయి. ఆమె లెక్క అంతే, అందులో తప్పేమీ లేదు. రాస్తానన్నాను. రాయలేదు. రాస్తే ఆ యంత్రం ఎందుకు ఆగిందో కూడా రాయవలసి వస్తుంది.

మరోసారి వెళ్లినప్పుడు ఆమె నన్ను దగ్గరగా పిలిచి, కోడలు లోపలికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి ఒక రహస్యం చెప్పింది. సకినాల పిండిలో తెల్ల నువ్వులు మానేసి నల్ల నువ్వులు వేస్తున్నది.

“ఏది నువ్వో ఏది బూడిదో ఎవ్వలకు తెల్వది. నువ్వు ఎవ్వల్తోని అనకు సారు.”

చెప్పి, తప్పు చేసిన పిల్లలాగా చూసింది. నేను ఆ తెలివికి మెచ్చుకున్నాను. నిజంగానే మెచ్చుకున్నాను. ఒకే పని చేస్తున్న ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నట్టు అనిపించి లోపల ఏదో తేలికపడింది. ఆమె చేసింది చిన్న తప్పు కాబట్టి నాది కూడా చిన్నదే అనుకున్నాను.

నిరుటి సమావేశం నాడు ఆమె ఆ నల్ల నువ్వుల సకినాలే స్టీలు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. మిల్లు ఆవరణలో షామియానా వేశారు. వాడకట్టు వాళ్లు ఓ ముప్పై నలభై మంది కూర్చున్నారు. ఆమె ముందు వరుసలో, డబ్బా ఒళ్లో పెట్టుకుని, మూత మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఆమె ఏం చేయబోతున్నదో నాకు తెలిసిపోయింది. అందరి ముందూ మూత తీసి, నువ్వులనూ బూడిదనూ వేరు చేసి చూపించబోతున్నది. తన గుట్టు తానే బయటపెట్టుకోవడానికి సిద్ధపడి వచ్చింది. పక్కన వీడియో తీస్తున్నారు. ఆ వీడియో దుబాయికి పోతుంది.

మైకు నా చేతిలోనే ఉంది. మన దగ్గర ఒక మనిషి నోరు మూయించడానికి తిట్టనక్కర్లేదు, సన్మానం చేస్తే చాలు. ఆ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. ఊళ్లో పుట్టి పెరిగినవాడికి అదంతట అదే వస్తుంది. మన మిల్లు పక్కనే ఉంటూ, మన కరీంనగర్ సకినాల రుచిని సముద్రాలు దాటించిన తల్లి అని మొదలుపెట్టాను. చప్పట్లు కొట్టారు. యజమాని కోసం తెచ్చి ఉంచిన శాలువా పళ్లెంలో ఉంది. దాన్ని తీసుకుని వేదిక దిగి ఆమె దగ్గరికి పోయాను. ఆమె లేచి నిలబడింది. పెద్దమనుషులు ఎదురుగా వస్తే లేచి నిలబడడం ఆమెకు అలవాటు. భుజాల మీద శాలువా కప్పాను. యజమాని దండ వేసి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. ఆమె చేతుల్లో డబ్బా ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. ఫొటో తీశారు.

“అవ్వా, మిల్లు గురించి రెండు ముక్కలు చెప్పు” అని మైకు ఆమె మూతి దగ్గర పెట్టాను.

దండ పడ్డ మెడతో, శాలువా కప్పిన భుజాలతో ఆమె నా వైపు చూసింది. “ఏం జెప్పాలె బిడ్డా, మంచిగనే ఉన్నది” అన్నది.

సంతృప్తి వ్యక్తం చేశారు అని నేను రాసుకున్నది ఆ మాటనే.

ఆ తర్వాత వాడకట్టులో ఆమె బూడిద సంగతి ఎత్తినప్పుడల్లా, శాలువా కప్పిచ్చుకుంటివి గదా ఇంకేం లొల్లి అని అనేవారట. కోడలే చెప్పింది. పోట్లాటకు పుట్టినట్టుండే మనిషి, ఆ ఒక్క మాటకు బదులు చెప్పలేకపోయేదట.

కొన్నాళ్లకు మిల్లుకు వెళ్లినప్పుడు గోడ మీదుగా పిలుపు రాలేదు. నేనే వెళ్లాను. వాకిట్లో ఒక మూల చిన్న పంచె పరిచి ఉంది. దాని మీది సకినాలకు పైన కొద్దిగా ఎత్తుగా నాలుగు కర్రల మీద ఒక గుడ్డ కట్టి ఉంది. చూస్తే ఆ శాలువాయే. జరీ అంచు ఉంది గానీ రంగు ఏదో తెలియకుండా బూడిద పట్టింది. ఆమె పీట మీద కూర్చుని చుడుతున్నది. పిండిలో నువ్వులు తెల్లగా కనిపించాయి. నల్లవి మానేశావా అని అడిగాను.

చేతిలోని సకినం పూర్తి చేసి, కొస అతికించి, అప్పుడు చెప్పింది. కొడుకు గదిలో ఉండే పిల్లవాడు ఒకడు మస్కట్ నుంచి ఫోను చేశాడట. చిన్నప్పుడే తల్లి పోయినవాడు. అవ్వా, నీ సకినాలు మా అమ్మ చేసినట్టే ఉన్నాయని ఏడ్చాడట.

“దండం వెడుతున్న అవ్వా అన్నడు సారు గా పోరడు. బూడిద తినవెట్టి దండం వెట్టిచ్చుకున్న” అన్నది. “తినేటోడు కండ్ల ముంగట లేడని గట్ల జేస్తమా?”

తనను తానే అడుగుతున్నది. నన్ను కాదు. అందుకే అది నాకు మరింత గట్టిగా తగిలింది. పెద్ద ఆర్డర్లు వదిలేసిందట. శాలువా కింద పట్టినన్నే చుడుతున్నది. వాకిలి నిండా పరుచుకునే పంచెలు మడతపెట్టి దండెం మీద ఉన్నాయి. ఆ రోజు ఆమె నాకు ముక్కలు పెట్టలేదు. లేచి వస్తుంటే వెనక నుంచి, “ఇప్పుడన్న రాస్తవా సారు?” అని అడిగింది. చూద్దాం అవ్వా అన్నాను. ఆమెతో నా చివరి మాట అది.

ఆదిలాబాద్ లాడ్జిలో ఆ సాయంత్రం ఇవన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి. ఆమె బూడిద వల్ల పోయిందని నేను అనను. జ్వరం వచ్చి పోయిందని తర్వాత తెలిసింది. నాకు తెలియనిది చెప్పి నా నేరాన్ని పెద్దది చేసుకోవడం కూడా ఒక రకం గొప్పే. నాకు తెలిసింది చాలు. బతికున్నప్పుడు ఆమె మాటను రాయలేదు. పోయాక ఆమె అనని మాటను రాశాను. దాని మీద నవ్వాను.

మొదట దుబాయి కంపెనీకి ఉత్తరం రాశాను. పొద్దున పంపిన నివేదికను వెనక్కి తీసుకుంటున్నాననీ, అందులోని సమావేశం జరగలేదనీ, ఆ మహిళ జీవించి లేదనీ రాశాను. బూడిద పట్టే యంత్రం ఆగి ఉందనీ, అది ఆగడానికి మొదటి కారణం నా సలహాయేననీ, అంకె తగ్గిందని వాళ్లు మెచ్చుకున్నది అలా మిగిలిన కరెంటు గురించేననీ రాశాను. పంపే ముందు మిల్లు యజమానికి ఫోను చేసి అంతా చదివి వినిపించాను.

“అన్నా, ఫ్యాను బంద్ జేసుకోమన్నది నువ్వే గద. ఇప్పుడు నన్ను బజార్ల నిలవెడుతవా?” అన్నాడు.

నేనే అన్నాను, అదే రాస్తున్నాను అన్నాను. నాలుగు వందల బస్తాల సరుకు ఓడలో ఉందన్నాడు. తండ్రి పేరు ఎత్తాడు. అతను చెడ్డవాడు కాడు. నేను చూపించిన దారినే నడిచాడు. నన్ను మళ్లీ మిల్లు గేటు దాటి రావద్దన్నాడు. ఆ మాట అనే హక్కు అతనికి ఉంది. ఫోను పెట్టేశాక ఉత్తరం పంపించాను. ఆ రాత్రే దుబాయి వాళ్ల నుంచి జవాబు వచ్చింది. వేరే వాళ్లను పంపి చూపించుకుంటామనీ, ఇరుగుపొరుగు మాట సరిగ్గా రాసి పంపమనీ అన్నారు. ఆ ఒక్క పేజీ ఇంకా నా చేతిలో ఉంది.

మరునాడు కరీంనగర్ చేరి నేరుగా ఆ ఇంటికి వెళ్లాను. మిల్లు గేటు ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి వెళ్లాను. కోడలు ఇంట్లో, తలుపు దగ్గరగా వేసుకుని, నేల మీద చిన్న గుడ్డ పరుచుకుని సకినాలు చుడుతున్నది. గుండ్రంగా, తీరుగా వస్తున్నాయి. చెరిపేవాళ్లు లేరు. నన్ను చూసి లేవలేదు. కూర్చోమని కూడా అనలేదు. గడప దగ్గర నేనే కూర్చుని, జరిగింది దాచకుండా చెప్పాను. అత్త పోయాక ఆమె ఫొటో పెట్టి ఆమె మాటగా ఏం రాశానో అది కూడా చెప్పాను.

“అత్త గన్ని సార్లు రాయుమంటె రాయకపోతివి. ఇప్పుడెందుకు సారు?” అని అడిగింది.

నేను సంచిలోంచి కాగితమూ కలమూ తీశాను. ఆమె కాసేపు చుట్టింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. యంత్రం ఎప్పుడు ఆగిందో, ఏ వేళల్లో బూడిద ఎక్కువ పడుతుందో, ఏ ఆర్డర్లు పోయాయో, తలుపు మూసుకుని చుడితే లోపల ఎంత ఉక్కపోతో చెప్పింది. నేను రాసుకున్నాను. అయ్యాక చదవమన్నది. ‘ధూళి వల్ల స్థానికులు అసౌకర్యానికి గురవుతున్నట్లు తెలియజేశారు’ అని చదివాను. అంటే ఏమిటని అడిగింది. బూడిద పడుతున్నదని అన్నాను.

“మరి గదే రాయరాదు” అన్నది. “అత్త మంచిగ జెప్పేదా? మన్నువడ మీ మిల్లుల, మీ పొగగొట్టం కూల, మీ బియ్యానికి పురుగులు వట్ట అని తిట్టేది. తిట్లు గూడ రాయి.”

ఆ తిట్లు అంటున్నప్పుడు ఆమె గొంతు అచ్చం అత్త గొంతులాగా అయింది. ఆమెకే తెలిసి, ఆగి, మోచేత్తో ముఖం తుడుచుకున్నది. నేను ఆ వాక్యం కొట్టేసి, ఆమె చెప్పినట్టే, తిట్లతో సహా రాశాను. నా ఉద్యోగంలో అంత నిజమైన పేజీ ఇంకొకటి రాయలేదు. చివర, ఈ మాట ఫలానా వారిది అని పేరు రాయాలి. అలవాటు కొద్దీ పెద్దామె పేరు రాయబోయాను.

“అత్త పేరు వద్దు సారు” అన్నది కోడలు. “అత్త చెప్పిననాడు నువ్వు రాయలే. ఇయ్యాల చెప్పేది నేను. నా పేరు రాయి.”

కలం ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఆ వాకిట్లోకి వస్తూ పోతూ ఉన్నాను. నీ దిక్కు పిల్ల అని అత్త అంటుంటే వింటూ ముక్కలు తిన్నాను. ఆ అమ్మాయి పేరు ఏమిటో నాకు తెలియదు.

అడిగాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, చెప్పింది. సరిగ్గా రాశానో లేదో చూడమని కాగితం ఆమె ముందు పెట్టాను. పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుంటూ మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నది. నేను కూర్చునే ఉన్నాను.